ఉచితదానము - షరతులు
ఉచితముగ నిచ్చిన వస్తువునకు యజమాని లేడనుకొనుట లోకమున పరిపాటి. అమెరికాలో జేకబ్సన్ అను భౌతికశాస్త్రాచార్యుడు తోడివారితో గూడి బొమ్మరైళ్లను నడుపు సాఫ్టువేరును రచించి, కర్తల పేళ్లు నిలుపవలెను, చేసిన మార్పులు తెలుపవలెను అను షరతులతో ఎల్లరకును విడిచిపెట్టెను. నా పేటెంటును అతిక్రమించితివని ఆయననే సొమ్మడిగిన కాట్జర్ అను వ్యాపారి, ఆ సాఫ్టువేరులోని భాగములనే కర్తల పేళ్లు లేకుండ తన సరకున జేర్చుకొనెను! ఇది కరారుభంగమే గాని కాపీరైటుభంగము కాదని క్రిందికోర్టు పలికెను. పైసా ధర లేని వస్తువునకు కరారునుబట్టి నష్టమెంతని లెక్కింతురు? 2008 ఆగస్టు 13వ తేదీన అప్పీలుకోర్టు ఆ తీర్పును రద్దుచేసి, అట్టి షరతులు కాపీరైటు చట్టముచే రక్షింపదగినవేయని నిర్ణయించెను. 2010లో లక్ష డాలర్లకు రాజీ కుదిరెను. పేటెంటు ప్రశ్న మాత్రము తీరలేదు. కాట్జర్ దానిని ముందే వదలుకొనుటచే కోర్టు దాని చెల్లుబాటును విచారింపనేలేదు.