ముందునకు వంగిన రెక్కలును, మన ప్రయోగముల పుస్తకములును

విశాఖపట్టణపు బీచి రోడ్డుపై నిలిపియున్న టి.యు.-142 విమానమును చూడని బాలుడు గాని, బాలిక గాని మన పాఠశాలలో నుండరని తలంచుచున్నాను. 1988 మొదలు 2017 వఱకు మన నౌకాదళమునకు సేవచేసి, ఆ సంవత్సరముననే ప్రదర్శనశాలగా మాఱిన యా మహావిమానపు రెక్కలు ఈ కొననుండి ఆ కొనకు దాదాపు 50 మీటరులుండును. చూడవచ్చినవారు దాని పరిమాణమునకు ఆశ్చర్యపడుదురు. ప్రక్కన నిలిచి ఫోటో తీసికొందురు. మొక్కజొన్నపొత్తు కొనుక్కొని యిండ్లకు పోవుదురు. రెక్కలు వెనుకకేల వాలియున్నవి, తోకయందు మరల చిన్న రెక్కలేల యున్నవి యని యడుగువారు మాత్రము మిక్కిలి అరుదు. ఈ రెండు ప్రశ్నలను పట్టుకొని పోయినచో, మన పాఠశాలలలో ప్రయోగమను పేరుతో జరుగుచున్న యొక పనిని గూర్చి మాటలాడవలసి వచ్చును. నేను వ్రాయబూనినది దానిని గూర్చియే.

ముందుగా తోక సంగతి. సామాన్యముగా విమానపు బరువునకు కేంద్రమగు స్థానము, దానిని గాలిలో నిలుపు శక్తికి కేంద్రమగు స్థానమునకు కొంచెము ముందుండునట్లు నిర్మింతురు. అందుచేత ముక్కు క్రిందికి వంగజూచును. తోకయందలి చిన్న రెక్కలు వెనుక భాగమును క్రిందికి నొక్కి దానిని సరిచేయును. గాలి తాకుడుకు విమానము కొంచెము చలించినను తనంతట తానే పూర్వస్థితికి వచ్చును. ఇది క్షేమకరమే గాని ఉచితము గాదు. తోక క్రిందికి నొక్కిన మేరకు రెక్కలు అదనపు బరువు మోయవలెను. అట్టి విమానము చుఱుకుగా మలుపు తిరుగుటకు కొంత మొరాయించును.

నమ్మనివారు ఒక కాగితపు రాకెట్టును మడచి, దాని ముక్కునకు కాగితములు పట్టియుంచు క్లిప్పు నొకదానిని తగిలించి విసరి చూడవచ్చును. అది తిన్నగా పోవును. ఆ క్లిప్పునే వెనుకకొసకు మార్చి విసరినచో ముక్కు పైకెత్తి, పల్టీకొట్టి, విసరినవాని కాళ్లయొద్దనే పడును.

మన దేశమున నిర్మింపబడిన తేజస్ యుద్ధవిమానము ఈ రెండవ కాగితపు రాకెట్టు వంటిది. దానికి వెనుక అడ్డతోక లేదు. ఉన్నది త్రికోణాకారపు రెక్క. దాని ముందంచు ఒకే వాలుగా గాక, నడుమ మడతపడినట్లు రెండు వాలులుగా నుండును. కొననుండి కొనకు 8.2 మీటరులు, అనగా బీచి రోడ్డు మీది విమానపు రెక్కలలో ఆఱవవంతు మాత్రమే. దానిని బుద్ధిపూర్వకముగానే నిలుకడలేనిదానిగా నిర్మించిరి. తోకభారము లేకపోవుటచే అది తేలికగా, చుఱుకుగా మలుపు తిరుగును. కాని ఏ పైలటును తన చేతులతో మాత్రమే దానిని నిలుపజాలడు. ఒకే లెక్కను నాలుగు మార్గములుగా చేసి, ఒకదానితో నొకటి సరిచూచుకొను కంప్యూటరు వ్యవస్థ రెక్కల వెనుకంచులను నిమిషనిమిషమును గాదు, సెకండునకు అనేక పర్యాయములు కదల్చుచు దానిని నిలువబెట్టును. అఱచేతిలో పొడుగాటి కఱ్ఱను నిలువుగా నిలిపి ఆడువాని చేయి యెట్లు క్షణమైనను ఊరకుండదో, యిదియు నట్లే.

ఈ విమాన నిర్మాణమునకై 1984వ సంవత్సరమున బెంగుళూరున ఒక సంస్థ ఏర్పడినది. దాని రూపశిల్పులకు నాయకత్వము వహించిన డాక్టరు కోట హరినారాయణగారు బరంపురమున జన్మించినవారు. తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా కూడ పనిచేసిరి. 1998 మే మాసమున పోఖరాన్ అణుపరీక్షలు జరిగిన పిమ్మట అమెరికా ప్రభుత్వము ఆంక్షలు విధించెను. కంప్యూటరు నియంత్రణపు పనికై అచ్చట నున్న మన ఇంజనీర్లు తిరిగి రావలసివచ్చెను. మిగిలిన పనిని ఇచ్చటనే పూర్తిచేసిరి. మొదటి ప్రయోగ విమానము 2001 జనవరి 4వ తేదీన బెంగుళూరు ఆకాశమున ఎగిరెను. దానికి ముందు ఆ నియంత్రణ వ్యవస్థను నేలమీదనే ఎన్నివిధముల తప్పుత్రోవ పట్టింపవచ్చునో అన్నివిధముల పట్టించి, ఏమి జరిగెనో వ్రాసికొనిరి. నాకు ఆ యెగురుట కంటె ఈ వ్రాసికొనుటయే గొప్పదిగా తోచును.

తేజస్‌కు నౌకాదళపు రూపము కూడ ఒకటి కలదు. ఓడ మీది కొలదిపాటి స్థలమున దిగుటకై దాని రెక్క మొదట ముందువైపున కదలెడి పలకలను అదనముగా అమర్చిరి. ఒకే యింజనుతో ఓడపైనుండి ఎగురుటకు ఆ విమానము బరువెక్కువైనదని 2016లో నౌకాదళము వెల్లడించెను. అయినను ప్రయోగము ఆగలేదు. 2020 జనవరి 11వ తేదీన అది విక్రమాదిత్య నౌకపై దిగెను. నౌకాదళమువారు 2025 ఏప్రిలులో కొనుటకు ఒప్పుకొన్నవి మాత్రము ఫ్రాన్సు దేశపు రఫేల్ విమానములు, ఇరువదియాఱు. అట్లయినచో సొమ్మంతయు సముద్రమున పోసినట్లేనా యని అడుగువారున్నారు. తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానమగు ఈ పట్టణమున ఈ ప్రశ్న ఎవరికైనను రాగలదు. నా ఉత్తరము కాదనియే. ఏ బరువు ఎక్కువైనదో, ఏ పలక ఎంత మేలు చేసినదో కొలతలతో తెలిసినది. రెండింజన్ల నౌకా విమానమును గూర్చిన ఆలోచన ఆ కొలతల మీదనే నిలిచియున్నది.

ఇంతకంటెను విపరీతమైన రెక్క యొకటి కలదు. అమెరికాలో గ్రమ్మన్ అను సంస్థ నిర్మించిన ఎక్స్-29 విమానమునకు రెక్కలు వెనుకకు గాక ముందునకు వాలియుండును. చూచువారికి విమానము తిరుగబడి ఎగురుచున్నట్లుండును. వెనుకకు వాలిన రెక్కపై గాలి కొనలవైపు జాఱిపోవును. వేగము తగ్గి ముక్కు పైకెత్తినపుడు కొనలే మొదట పట్టు కోల్పోవును. ప్రక్కలకు వంచెడి పలకలు అచ్చటనే యుండుటచే విమానము చేతికి లొంగదు. రెక్కను ముందునకు వంచినచో గాలి లోపలి వైపునకు వచ్చును గనుక కొనలు కడపటి వఱకు పనిచేయును. ఈ తలంపు క్రొత్తది కాదు. 1944లోనే జర్మనులు అట్టి రెక్కలుగల జెట్ విమానము నొకదానిని ఎగురవేసిరి.

మఱి అందఱును అట్లేల చేయలేదు? రామకృష్ణా బీచి యొద్ద సాయంకాలపు గాలిలో ఒక తాటాకు విసనకఱ్ఱను పట్టుకొని చూడుడు. ఆకు గాలి పోవు వైపునకు ఉన్నచో ఊరకుండును. గాలికి ఎదురుగా త్రిప్పి పట్టినచో, ఏ కొంచెము వంపు వచ్చినను గాలి దానిని మఱింత వంచి, తుదకు పిడిని మెలిపెట్టును. ముందునకు వాలిన రెక్కయు నంతే. వేగము హెచ్చిన కొలది కొనలు పైకి మెలిపడి విఱిగిపోవును. విఱుగని లోహపు రెక్కను చేసినచో అది మోయలేనంత బరువగును. కర్బనపు పోగులను జిగురుతో అతికి, పొరపొరకును వాలు మార్చి పఱచిన తరువాతనే యిది సాధ్యమైనది. రెక్క వంగినను మెలిపడకుండునట్లు ఆ పోగులే ఆపును. 1984 డిసెంబరు 14న ఎక్స్-29 మొదట ఎగిరెను. మరుసటి యేడు ధ్వనివేగమును మించెను. రెండు విమానములతో మూడువందలకు మించిన ప్రయోగములు జరిగెను. ముక్కు 67 డిగ్రీలు పైకెత్తియు అది పైలటు మాట వినెను.

ఇక ముఖ్యమైన సంగతి. అట్టి రెక్క వలన గాలి యొక్క నిరోధము మొత్తముమీద తగ్గునని మొదట లెక్కలు కట్టిరి. ఆ యాశ చూపియే పనికి సొమ్ము కోరియుందురని నా ఊహ. ప్రయోగము ముగిసిన పిమ్మట నాసావారు అనుకొన్న తగ్గుదల కనబడలేదని స్పష్టముగా ప్రకటించిరి. ముందునకు వంగిన రెక్కల యుద్ధవిమానము అమెరికా సైన్యమున చేరలేదు. కొన్ని సంవత్సరముల శ్రమ, రెండు విమానములు, ప్రాణములకు తెగించిన పైలటులు. తుదకు ఒక ముఖ్యమైన గడిలో అనుకొన్నది కాలేదని వ్రాయవలసి వచ్చినది. వ్రాసిరి.

ఇపుడు మన ప్రయోగముల పుస్తకములను తెఱచి చూతము. పదవ తరగతి విద్యార్థి కుంభాకార కటకపు నాభ్యంతరము కనుగొనవలెను. ఓమ్ నియమమును సరిచూడవలెను. కొన్ని యేండ్ల క్రిందట నేను పరిశీలనకై వెళ్లిన యొక పాఠశాలలో ముప్పది పుస్తకములు నా ముందుంచిరి. ముప్పదింటను నాభ్యంతరము 15 సెంటీమీటరులే. పెట్టెలోని కటకములను నేను కిటికీకెదురుగా పట్టి గోడపై చెట్టు బింబమును పడవేసి చూడగా, అందు మూడు రకములున్నవి. పిల్లలు తెలివితక్కువవారు కారు. వారు నిరుటి అన్నల పుస్తకములను చూచి వ్రాసిరి. కొందఱు ఫలితమును ముందు వ్రాసి, దానికి తగిన కొలతలను వెనుకనుండి కట్టుకొని వచ్చిరి. ఓమ్ నియమపు గీతలో ఒక్క చుక్కయు గీత విడిచి ప్రక్కకు పోలేదు. అట్టి గీతను దేవదూతలు తప్ప నరులు గీయజాలరు!

దీనికి మొదటి దోషులు పిల్లలు కారు. సరియైన ఫలితమునకు మార్కులిచ్చి, నిజమైన ఫలితమునకు ఎఱ్ఱసిరాతో ప్రశ్నార్థకము పెట్టు ఉపాధ్యాయ వర్గమువారము మేము. పరీక్షాధికారులు ఫలితమునే చూతురు, మేమేమి చేయగలమని సహోపాధ్యాయులు కొందఱు చెప్పుదురు. తరగతులు పెద్దవి, పరికరములు కొఱత, గంట నలువది నిమిషములు. ఇవన్నియు నిజమే. అయినను రాని ఫలితమును వచ్చినట్లు వ్రాయించుట అబద్ధము నేర్పుటయే గదా. ఉదయపు ప్రార్థనలో పదియాజ్ఞలు చెప్పించి, మూడవ గంటలో తొమ్మిదవదానిని మీఱుటకు దారి చూపుట మిషను పాఠశాలకు తగునా?

క్రైస్తవ పాఠశాల పత్రికలో యుద్ధవిమానములను గూర్చి యింత వ్రాయుట యేమని అడుగువారికి ఒక్క మాట. నేను యుద్ధమును మెచ్చుకొనుట లేదు. క్షిపణులకై సిద్ధపఱచిన తేలికపాటి మిశ్రపదార్థముతోనే డాక్టరు అబ్దుల్ కలాంగారు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో పిల్లలకు కాలిపట్టీలు చేయించిరి. మూడు కిలోల పట్టీ 300 గ్రాములకు దిగినది. కర్బనపు పోగునకు కత్తియు తెలియదు, కఱ్ఱయు తెలియదు. దాని బలమును కొలిచినవాడు నిజము వ్రాసెనా లేదా యనునది మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

మన యూరివారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూగారు జలప్రవేశము చేయించిన జల ఉష మొదలుకొని ఎన్నియో ఓడలు ఇచ్చట నిర్మింపబడినవి. ఓడను సముద్రమునకు పంపుటకు ముందు దాని నిలుకడను కొలుచు ప్రయోగ మొకటి కలదు. కొలిచిన బరువులను ఓడతట్టుపై ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు జరుపుదురు. లోపల వ్రేలాడగట్టిన గుండు ఎంత ప్రక్కకు జరిగెనో చూచి వ్రాయుదురు. ఒక దారము, ఒక గుండు, ఒక కొలబద్ద. మన తరగతిగది సామానుకంటె గొప్పది కాదు. అచ్చట నొకడు పోయిన ఓడ పుస్తకమును చూచి అంకె వేసినచో, తుపానునాడు ఓడలోని నావికులేమగుదురు? ఉక్కు కర్మాగారమున పనిచేయు తలిదండ్రులు మనలో ననేకులున్నారు. ఇనుపకడ్డీని త్రెగువఱకు లాగి చూచిన పరీక్షకాగితముపై అంకె మార్చినచో ఏ వంతెన కేమగునో వారికే బాగుగ తెలియును. తేజస్ విమానము 2024 మార్చిలో జైసల్మేరు యొద్ద కూలినపుడు పైలటు బయటపడెను. 2025 నవంబరులో దుబాయి ప్రదర్శనలో కూలినపుడు పైలటు ప్రాణము పోయినది. ఎగురువాడు తనకంటె ముందు కొలిచినవారి మాట నమ్మి ఎక్కును.

కనుక మన పాఠశాల వఱకైనను కొన్ని మార్పులు కావలెనని నా కోరిక. ప్రయోగపు కొలతలు సిరాతోనే వ్రాయవలెను. తప్పైనచో ఒక గీత గీసి ప్రక్కన మరల వ్రాయవలెను గాని రబ్బరుతో చెఱుపరాదు. పుస్తకమున రెండు గడులుండవలెను: అనుకొన్నది యొకటి, కనుగొన్నది యొకటి. రెండును కలియనిచో ఎందుచేత కలియలేదో రెండు పంక్తులు వ్రాసిన పిల్లవానికి, కలిసినవానికంటె తక్కువ మార్కులు పడరాదు. కటకముల పెట్టెపై అంకెలను చెఱిపివేసి, వానికి అక్షరములు మాత్రమే పెట్టవలెను. ఇది ఒక మధ్యాహ్నపు పని. విజ్ఞాన ప్రదర్శనమున పనిచేయని నమూనాలకు ఒక బల్ల ప్రత్యేకింపవలెను, అవి ఏల పనిచేయలేదో చెప్పగల పిల్లలు ప్రక్కన నిలువవలెను. బీచి రోడ్డునకు విహారమునకు పోయినపుడు టి.యు.-142 రెక్కయు, అచ్చటనే యున్న సీ హారియర్ రెక్కయు బొమ్మ గీసికొని రావలెను. మొదటిది పొడుగై వెనుకకు వాలినది, రెండవది పొట్టిదై క్రిందికి వ్రాలినది. ఏల యని తరగతిలో తర్కింపవచ్చును.

తలిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ పుస్తకములో నాభ్యంతరము 13.6 అనియు, ప్రక్కయింటివాని పుస్తకములో 15 అనియు ఉన్నచో వెంటనే కోపపడకుడు. ఏ కటకముతో చూచితివి, ఎన్ని పర్యాయములు చూచితివి యని అడుగుడు. వాడు ఉత్తరము చెప్పగలిగినచో, ఆ పుస్తకమును మాయొద్దకు పంపుడు.