పుస్తకంలో 19వ అధికరణం, ఊళ్లో 144వ సెక్షన్

ఆదిలాబాద్: డిగ్రీలో రాజనీతి శాస్త్రం తీసుకున్నవారికీ, లా కోర్సులో చేరినవారికీ రాజ్యాంగంలోని 19వ అధికరణం తప్పని పాఠం. వాక్ స్వాతంత్ర్యం, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు అందులోనివే. విద్యార్థులు వాటిని పరీక్ష కోసం వల్లె వేస్తారు. అయితే ఆ హక్కుల హద్దులు ఎక్కడ అనేది కోర్టు తీర్పులు చదివితే గాని తెలియదు. ఆ తీర్పులను కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల చరిత్ర పక్కన పెట్టి చదవడం అవసరం.

నిజాం పాలనలో గస్తీ నిషాన్ 53 ప్రకారం సర్కారు అనుమతి లేనిదే సభ జరుపరాదు. సిరిసిల్లలో 1935లో ఆంధ్ర మహాసభ జరిగింది ఆ రోజులలోనే. స్వాతంత్ర్యం వచ్చాక 1972లో హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వీధి సభల గురించి తీర్పు చెప్పింది. సభలను పోలీసులు క్రమబద్ధం చేయవచ్చును గాని, ఏ ప్రమాణమూ లేకుండా అధికారి ఇష్టానికి అనుమతిని వదిలివేయడం చెల్లదన్నది.

ఆ తరువాత తొమ్మిదేళ్లకు ఇంద్రవెల్లి ఘటన జరిగింది. 1981 ఏప్రిల్ 20 సోమవారం, అంగడి రోజు. భూమి పట్టాల కోసం గిరిజన రైతు కూలీ సంఘం తలపెట్టిన సభకు మొదట ఇచ్చిన అనుమతిని అధికారులు రద్దు చేశారు. ఆ సంగతి చాలా గూడేలకు చేరలేదు. పోలీసు కాల్పులలో చనిపోయినవారు ప్రభుత్వ లెక్కలో 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఆపైన ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న స్తూపం వద్ద 144వ సెక్షన్ పెట్టి, నివాళులర్పించడానికి వచ్చిన గోండులను ఆపివేశారు. తెలంగాణ ఏర్పడిన తరువాత ఆంక్షలు కొంత సడలాయి.

144వ సెక్షన్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1961లోను, 1970లోను చెప్పిన మాట నిజమే. కాని అది అత్యవసర పరిస్థితికే. 2020 జనవరి 10న కాశ్మీర్ ఆంక్షలపై అనూరాధా భాసిన్ కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం మరింత స్పష్టం చేసింది. ఉత్తర్వును ప్రకటించాలి, అందుకు ఆధారమైన వాస్తవాలను అందులో రాయాలి, న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి వాడరాదు, అదే ఉత్తర్వును మళ్లీ మళ్లీ ఇవ్వడం అధికార దుర్వినియోగమే అవుతుంది.

తీవ్రవాదుల కదలికల వల్ల శాంతిభద్రతలకు భంగం కలుగుతుందని అధికారులు చెప్పే కారణాన్ని కొట్టివేయలేము. అట్టి భయం ఉంటే ఆ సంవత్సరపు వాస్తవాలతో రాసి చూపవలసి ఉంటుంది. తేదీ ముందే తెలిసిన సంస్మరణకు ఏటేటా అదే నిషేధం పెడితే అత్యవసరం అన్న మాటకు అర్థమేమిటి?

2024 జూలై 1 నుండి ఈ అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా ఉంది. నంబరు మారినా మేజిస్ట్రేటు కలం మారలేదు. అందువల్ల అధ్యాపకులు తమ ప్రాంతంలో వెలువడిన ఒక నిషేధపు ఉత్తర్వు ప్రతిని తరగతికి తెచ్చి, తీర్పుతో పోల్చి చదివించడం మేలు. ఎన్నాళ్లకు ఇచ్చారు? కారణం రాశారా? ప్రజలకు తెలియజేశారా? ఈ మూడు ప్రశ్నలు అడగడం నేర్చిన గూడెం విద్యార్థి తన ఊరివారి తరఫున హైకోర్టుకు అర్జీ రాయించగలడు. 1981లో ఇంద్రవెల్లి దారి పట్టినవారికి ఆ తోడు లేకపోయింది.