మేడికి కొలత చూసుకున్నాం, మరి బండి హ్యాండిల్‌కో?

నాగలి చేయించుకునే రోజుల్లో మేడి ఎత్తు రైతు ఎత్తును బట్టి ఉండేది. పొడుగాయన నాగలి పొట్టాయన పడితే చేతులు పైకి లేచిపోయేవి, పొట్టాయనది పొడుగాయన పడితే సాయంత్రానికి నడుం పట్టేసేది. అందుకే వడ్రంగి దగ్గర నిలబడి మరీ కొలత చెప్పి చేయించుకున్నాం. కొడవలి పిడి దగ్గర్నుంచి గొడ్డలి కామ వరకూ ఇదే తీరు.

ఇప్పుడు రోజులో మన చేతులు ఎక్కువసేపు ఉండే పనిముట్టు ఏది? మోటారు సైకిల్ హ్యాండిల్. పొద్దున్నే పాలకేంద్రానికి, అక్కణ్నుంచి చేనుకి, మధ్యాహ్నం ఎరువుల కొట్టుకి, సాయంత్రం గడ్డిమోపుతో ఇంటికి. ఇంత వాడకం ఉన్న వస్తువును షోరూంలో ఎలా ఇచ్చారో అలాగే, అమ్మేసేదాకా నడుపుతాం. కంపెనీ వాడు మీ ఎత్తు చూసి చేయలేదు కదా! అందరికీ ఒకటే కొలత.

నడుం నొప్పి, మెడ పట్టెయ్యడం, అరచేతులు తిమ్మిరెక్కడం పొలం పని వల్లే అనుకుని మందుల షాపులో బిళ్ల కొని వేసుకుంటున్నాం. పొలం పని వల్ల కొంత నిజమే. కానీ నాటు వెయ్యని రోజు, కోత లేని రోజు కూడా బండి దిగగానే నడుం మీద చెయ్యి వేసుకుంటున్నారంటే బండిని అనుమానించాలి. బిళ్లలకీ కొత్త బండికీ డబ్బు పెట్టేముందు ఒక పానా, ఒక అరగంట పెట్టి చూడండని నా సలహా.

బండిని పెద్ద స్టాండు వేసి, రోజూ కూర్చునే చోటే కూర్చోండి. కళ్లు మూసుకుని, భుజాలు వదులుగా వదిలి, చేతులు ముందుకు చాపండి. పిడికిళ్లు హాయిగా ఎక్కడ ఆగుతాయో అక్కడ హ్యాండిల్ గ్రిప్పులు ఉండాలి. మోచేతులు కొంచెం వంగి ఉండాలి, కర్రల్లా బిగుసుకోకూడదు. మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండాలి. కళ్లు తెరిచి చూస్తే గ్రిప్పులు నాలుగు వేళ్ల దూరంలోనో, కిందకో కనపడొచ్చు. ఆ తేడాని రోజూ మోస్తున్నది మీ నడుమే.

ఈ తేడాలో చాలావరకు హ్యాండిల్ మార్చకుండానే పోతుంది. మామూలు 100 సీసీ బండ్లలో హ్యాండిల్ రాడ్డును రెండు బిళ్లలు, నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. వాటిని కొంచెం వదులు చేసి రాడ్డును మీ వైపుకో, ముందుకో తిప్పుకోవచ్చు. చాలా బండ్లలో రాడ్డు మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది, అది కంపెనీ పెట్టిన స్థానం. అక్కణ్నుంచి కొద్దికొద్దిగా కదిలించి, ప్రతిసారీ కూర్చుని చూడండి. టాంకుకి తగిలేదాకా తిప్పితే మలుపులో చెయ్యి ఇరుక్కుంటుంది. బిగించేటప్పుడు ముందరి బోల్టులు ముందు, వెనకవి తర్వాత బిగించడం ఈ రకం బండ్లలో పద్ధతి.

రాడ్డు తిప్పి ఊరుకుంటే సగం పనే అయినట్టు. క్లచ్, బ్రేకు లివర్లు కూడా సరిచెయ్యాలి. ఇది మన మెకానిక్కులు కూడా పట్టించుకోరు. వేళ్లు చాపితే మణికట్టు మడవకుండా తిన్నగా లివర్ మీద పడాలి. లివర్ మరీ పైకి ఉంటే క్లచ్ పట్టిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది, బజారులో వందసార్లు పడితే తిమ్మిరెక్కదూ? లివర్ బిగింపును వదులు చేసి కిందకి తిప్పుకోవాలి. స్విచ్చుల డబ్బాను మాత్రం బలవంతంగా తిప్పొద్దు. చాలా బండ్లలో దాని లోపలి ముల్లు రాడ్డులోని రంధ్రంలో కూర్చుని ఉంటుంది, విరుగుతుంది. తర్వాత ఇంజను ఆన్ చేసి, న్యూట్రల్‌లో హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. తిప్పుతుంటే ఇంజను రైజు పెరిగిందంటే కేబుల్ లాగుతోందన్నమాట. అది సరిచెయ్యకుండా రోడ్డెక్కితే ప్రాణం మీదికొస్తుంది.

అసలు చిక్కు బరువుతో వస్తుంది. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు, డీఏపీ 50 కిలోలు. పాల క్యాను 40 లీటర్లది. వీటితో వెళ్లేటప్పుడు మనం సీటు మధ్యలో కూర్చుంటున్నామా? లేదు. వెనక గడ్డిమోపు పెడితే టాంకు మీదకి జరుగుతాం, హ్యాండిల్ పొట్ట దగ్గరకొస్తుంది, మోచేతులు రెక్కల్లా బయటికి పోతాయి. బస్తా టాంకు మీద వేస్తే వెనక్కి జరుగుతాం, చేతులు బార చాపాలి, కాలు బ్రేకుకి అందదు, హ్యాండిల్ పూర్తిగా తిరగదు. కాబట్టి ఖాళీ బండి మీద కొలత తీసుకుని లాభం లేదు. రోజూ ఏ బరువుతో ఎక్కువ దూరం పోతారో ఆ బరువు కట్టి, అప్పుడు కూర్చునే చోట కూర్చుని కొలత చూసుకోండి. గడ్డి, పాలు తెచ్చే బండి అయితే హ్యాండిల్‌ను కాస్త ముందుకి తిప్పుకోవాల్సి రావచ్చు.

ఎంత సరిచేసినా తీరని నొప్పి ఒకటుంది. బరువు వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కి వేలాడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. దాన్ని ఆపడానికి తెలీకుండానే గట్టిగా పట్టుకుంటాం, భుజాలు బిగుస్తాయి. బరువు వీలైనంత ముందుకి, కిందకి ఉండాలి. క్యాను ఒకవైపే వేలాడదీస్తే ఒళ్లంతా రెండోవైపు వాలుతుంది, తుంటి నొప్పికి అదే మూలం. రెండు వైపులా చెరి సగం పాలు పోసుకోవడం మేలు. ఊళ్లలో మోపెడ్ ఇంకా పోలేదంటే ఇదొక కారణం: బస్తా కాళ్ల దగ్గర కింద కూర్చుంటుంది, హ్యాండిల్ ఎత్తుగా ఉండి వీపు నిలువుగా ఉంటుంది. బస్తా లావైతే కాళ్లు బయటికి వేలాడతాయి, అది వేరే తంటా.

ఇక కుర్రాళ్ల బండ్లు. కొడుకు ముచ్చటపడి హ్యాండిల్ కిందకి ఉన్న బండి కొంటాడు, తండ్రి దాని మీదే చేనుకి పోతాడు. అలాంటి బండి మీద ముందుకి వంగి కూర్చోవాలి. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి ఛాతీని కొంత మోస్తుంది. మన డొంక దారుల్లో ముప్పై దాటని వేగంలో ఆ గాలి ఎక్కడిది? ఒంటి బరువంతా మణికట్ల మీదే. యాభై దాటినాయనకి అది శిక్షే. అలాగని మరీ ఎత్తు రాడ్డు కూడా వద్దు. చేతులు భుజాల కంటే పైకి పోతే తిమ్మిరి త్వరగా ఎక్కుతుంది, బండి మీద పట్టు తప్పుతుంది. పైగా నిట్టనిలువుగా కూర్చుంటే గుంతల కుదుపు వెన్నులోకి సూటిగా దిగుతుంది. గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద కాళ్లు ఊని సీటు నుంచి కొంచెం లేవడం అలవాటు చేసుకోవాలి.

రాడ్డు నిజంగా మార్చాల్సింది వంగిపోయినప్పుడు. ఎప్పుడో బురదలో పడినప్పుడు ఒక వైపు వంగితే, అలాగే ఏళ్ల తరబడి ఒక భుజం దించుకుని నడిపేవాళ్లున్నారు. బండి ముందు నిలబడి చూస్తే తెలిసిపోతుంది. కాల్చి, కొట్టి తిన్నగా చేయించొద్దు, లోహం బలం పోతుంది. కంపెనీ ఇచ్చిన రకందే కొత్తది వేయించండి. ఫ్యాన్సీ రాడ్డుల జోలికి పోవద్దని చెప్పడానికి ఇంకో కారణం, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది.

వెనక షాకబ్జర్లకు మెట్లున్న బండి అయితే, బరువు ఎక్కువ మోసేవాళ్లు గట్టి మెట్టుకి తిప్పించుకోవాలి, రెండు వైపులా ఒకటే మెట్టు. టైరు గాలి చైన్ కవర్ మీది చీటీ చూసి కొట్టించుకోవాలి.

ఇంట్లో ముగ్గురు నడిపే బండి అయితే ఎవరి కొలత? ఎక్కువసేపు నడిపే మనిషిది. పాలు పోసేది ఇల్లాలైతే ఆమెదే, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

మెకానిక్ దగ్గర చేయించేటట్టయితే బండి అప్పగించి టీ తాగడానికి పోకండి. కుర్రాడు తన ఎత్తుకి సరిచేసి, తనే ఒక రౌండు కొట్టి, బాగుందంటాడు. మీరు సీటు మీద కూర్చుని ఉండగానే బోల్టులు బిగించమనండి. అద్దాలు మళ్లీ సరిచేసుకోండి. ఖాళీ బండితో ఊళ్లో నెమ్మదిగా తిరిగి, రెండు రోజులయ్యాక బోల్టులకి మరోసారి పానా పెట్టి చూడండి. క్యాన్లు ఆ తర్వాతే కట్టండి.