యాప్ మూసుకుపోతే తప్పు మనదేనా?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లలో ఉండే మనకు ఇది కొత్త కాదు. స్కాలర్‌షిప్ ఫారం తెరుచుకుంటది, పేరు, ఊరు అన్నీ నింపుతాం. సర్టిఫికెట్ అప్‌లోడ్ కొట్టగానే గుండ్రంగా తిరిగీ తిరిగీ యాప్ మూసుకుపోతది. "తండా పిల్లలు, మీకు వాడటం రాదు" అనే మాట మాత్రం వెంటనే వస్తది.

ఆ మాట నమ్మే ముందు వైఫై ఆపి, అదే ఫోన్లో అదే పని మొబైల్ డేటా మీద చేసి చూద్దాం. అయిపోతే చూడాల్సింది రూటర్‌ను.

ఇంటి రూటర్లో ఎంటీయూ అని ఒక సెట్టింగ్ ఉంటది. ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దదిగా పోవచ్చో అది చెప్తది. మామూలుగా 1500 బైట్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే పీపీపీఓఈ కనెక్షన్‌కు అందులో 8 బైట్లు పోతాయి, మిగిలేది 1492. అక్కడ 1500 అనే ఉంటే చిన్న ప్యాకెట్లు పోతాయి, పెద్దవి ఆగిపోవచ్చు. మిర్యాలగూడ రైస్‌మిల్లు గేటు కింద ఖాళీ లారీ దూరుతది, లోడు ఎత్తుగా ఉన్నది ఆగుతది, అట్లనే. జవాబు రాకపోతే ఓపిక పట్టేలా రాయని యాప్ అక్కడే కూలిపోతది.

సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ రూటర్ పాస్‌వర్డ్ మన దగ్గర ఉండదు. అందుకే మనం అడగాల్సింది ఒకటే: ప్రతి హాస్టల్లో ఇద్దరు విద్యార్థులకు ఆ పని నేర్పి, పాస్‌వర్డ్ ఇవ్వాలి. మార్చే ముందు పాత సెట్టింగ్ రాసిపెట్టుకునే బాధ్యత మనది.

ఫారం ఆఖరు తేదీ మన కోసం ఆగదు. స్కాలర్‌షిప్ పోతే చదువే ఆగే ఇళ్లు మనవి.