సహకరించనిది రోగి కాదు

గుండె ఎంఆర్ఐ బొమ్మలు మసకగా వస్తే ఎక్కువగా వినిపించే సంజాయిషీ ఒకటుంది: ‘పేషెంట్ సహకరించలేదు’. హైదరాబాద్ జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే రొప్పుతున్న మనిషిని గొట్టంలో పడుకోబెడతారు. ఊపిరి వదిలి పది, పదిహేను సెకన్లు బిగబట్టమంటారు. అదీ ఒక్కసారి కాదు, ముప్పావు గంట, గంట సేపు మళ్ళీ మళ్ళీ. అతను వచ్చిందే ఆయాసంతో! ఆ జబ్బు లేనివాడే నెగ్గగలిగే పరీక్ష పెట్టి, తప్పాడని అతన్నే అనడం ఎక్కడి న్యాయం?

దీనికి మనవాళ్ళు చెప్పే విరుగుడు ఇంకా పెద్ద మెషిన్. అయస్కాంతం బలం 1.5 టెస్లా చాలదు, 3 టెస్లా కావాలంటారు. మెదడుకీ మోకాలికీ ఆ వాదన కొంత చెల్లుతుంది. గుండె దగ్గర మాత్రం అయస్కాంతం బలం పెరిగేకొద్దీ కొత్త చిక్కులొస్తాయి. కదిలే బొమ్మల్లో నల్లని చారలు పడతాయి. స్కాను గుండె లయను అనుసరించాలంటే ఈసీజీ కావాలి, ఆ ఈసీజీ గీతే వంకర పోతుంది. గుండె బొమ్మలు చదివే డాక్టర్లు చాలామంది ఇప్పటికీ 1.5 వైపే మొగ్గడానికి కారణం ఇదే. టెస్లా అంకె బోర్డు మీద బాగుంటుంది, అంతే.

ఆలస్యం అసలు ఎక్కడ? మెషిన్ ఒక్కో బొమ్మను అనేక గుండె చప్పుళ్ళ మీదుగా ముక్కలు ముక్కలుగా పోగుచేస్తుంది. ఈలోగా ఛాతీ కదిలితే ముక్కలు అతకవు. అందుకే ఊపిరి ఆపమనేది. మరి తక్కువ ముక్కలతోనే బొమ్మ కడితే? 1999లో ప్రూస్‌మన్ అనే పరిశోధకుడి బృందం ఛాతీ మీద ఉంచి సంకేతాలు అందుకునే కాయిల్స్‌కి పని పంచి సమయం తగ్గించింది. 2007లో లస్టిగ్, డోనోహో, పాలీ అనే పరిశోధకులు కొద్ది కొలతల నుంచే లెక్కలతో పూర్తి బొమ్మ రాబట్టవచ్చని చూపారు. ఈ దారిలోనే, రోగి మామూలుగా ఊపిరి పీలుస్తుండగా, లయ తప్పిన గుండె బొమ్మలు సైతం తీయడం వీలైంది. ఇదంతా కాయిల్స్, సాఫ్ట్‌వేర్, శిక్షణ చేసిన పని.

అన్నిటికీ కొత్త సాఫ్ట్‌వేరే అక్కర్లేదు కూడా. పెరూలోని లిమాలో గుండె కదలిక, రంగు మందు ఇచ్చాక కనిపించే మచ్చ, ఈ రెండింటి మీదే దృష్టి పెట్టి సగటున 18 నిమిషాల్లో స్కాను ముగించారు. డాక్టరు అడిగిన ప్రశ్నకు సరిపడా తీశారు, మిగతాది వదిలేశారు.

వేగం పెంచితే నాణ్యత పోతుందనే మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. ఏఐతో బొమ్మను మరీ నునుపు చేస్తే చిన్న మచ్చ మాయం కావచ్చు. పాత పద్ధతితో పోల్చి సరిచూడాల్సిందే. కానీ ఊపిరి నిలవక చెదిరిపోయిన బొమ్మలో ఏ నాణ్యత ఉంది కాపాడటానికి?

జీడిమెట్ల ఉన్న కుత్బుల్లాపూర్‌లో రేపెవరైనా ఎంఆర్ఐ కొంటే, ఊపిరి ఆడుతుండగా గుండె బొమ్మలు తీసే సాఫ్ట్‌వేర్ ధరలో కలిసిందా, విడిగా అమ్ముతారా అని ముందు అడగాలి. అది వచ్చేదాకా, శ్రీకాకుళం, ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ళుండే ఇలాంటి చోట, ‘ఊపిరి బిగబట్టండి’ అన్న మాట తెలుగు, ఒడియా, హిందీల్లో రికార్డు చేయించడానికైతే పెద్ద ఖర్చు కూడా కాదు.