స్మగ్లరుకు తొమ్మిది నెలలు, కూలోడికి ఒక తెల్లవారుజాము

కొల్లం గంగిరెడ్డిని 2015 నవంబరులో మారిషస్ నుంచి తెచ్చిన రోజు కడప జిల్లా సగం టీవీల ముందే కూర్చుంది. ఎర్రచందనం కేసుల్లో నిందితుడు. బెయిలు మీద బయటికొచ్చి దేశం దాటి, ఫిబ్రవరిలో ఇంటర్‌పోల్ నోటీసు మీద అక్కడ దొరికాడు. మన పోలీసుల చేతికి రావడానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. ‘ఇన్ని నెలలా? మెడబట్టి ఈడ్చుకురాక!’ అని ఇక్కడ విసుక్కోని మనిషి లేడు.

ఆ ఆలస్యం మీద నాకు కోపం లేదు. ఒక దేశం మనిషిని ఇంకో దేశానికి అప్పగించాలంటే పోలీసు అడిగితే సరిపోదు. ఆధారాలున్నాయా, అక్కడ విచారణ సక్రమంగా జరుగుతుందా, రాజకీయ కక్షేమైనా ఉందా అని కోర్టు చూడాలి. అప్పగించమని కింద తీర్పొస్తే, పైకోర్టును మళ్లీ చూడమని అడిగే దారుండాలి. మన 1962 నాటి చట్టం కూడా మెజిస్ట్రేటు విచారణ లేకుండా ఎవర్నీ పరాయి దేశం చేతిలో పెట్టనివ్వదు. నిందితుడు ఎంత పెద్దవాడైనా, ఎంత చెడ్డపేరున్నవాడైనా అంతే. బాగానే ఉంది.

కడుపు మండేది ఇంకోచోట. ఆయన మారిషస్‌లో ఉండగానే, అదే ఏడాది ఏప్రిల్ 7న, శేషాచలం అడవిలో చంద్రగిరి దగ్గర 20 మందిని కాల్చి చంపారు. తిరువణ్ణామలై జిల్లా జవ్వాదు కొండల నుంచి, ధర్మపురి వైపు నుంచి వచ్చిన కూలోళ్లు. రాళ్లూ గొడ్డళ్లతో మీదపడితే ఆత్మరక్షణకు కాల్చామన్నారు పోలీసులు. బస్సుల్లోంచి దింపి పట్టుకెళ్లారని, తప్పించుకున్నవాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చెప్పారు. ఏది నిజం? తేల్చాల్సింది కోర్టు. కానీ ఆ 20 మందికి మెజిస్ట్రేటు లేడు, వకీలు లేడు, అప్పీలు లేదు. నీ పేరేమని అడిగినవాడైనా ఉన్నాడో లేడో!

మనమేమన్నాం? ‘దొంగలే కదా.’ కోడూరు నుంచి కడప దాకా అదే మాట, టీ గ్లాసు కింద పెట్టకుండానే. ఎర్రచందనం దుంగ కొట్టినందుకు ప్రాణం తీయమనే సెక్షను ఏ అటవీ చట్టంలో ఉందయ్యా? 2013 డిసెంబరులో ఇదే అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులను రాళ్లతో కొట్టి చంపిన సంగతి నేను మరిచిపోలేదు. ఆ హంతకులకు శిక్ష పడాలి. అది కోర్టు వేయాలి, అడవిలో తుపాకీ కాదు.

ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగని చెట్టు మన ఎండుకొండల్లో, శేషాచలంలో, లంకమలలో, పాలకొండల్లో పుట్టింది. గొడ్డలి పట్టినవాడికి కూలి. వాణ్ణి తోలుకొచ్చిన మేస్త్రీకి కమీషను. దుంగను ఓడెక్కించి చైనాకు పంపినవాడికి కోట్లు. ఈ వరసలో తూటా ఎప్పుడూ మొదటివాడి దగ్గరే ఆగిపోతుందెందుకు?

కూలికి ఊరు విడవడం మనకు తెలియనిదా! కర్నూలు పడమటి మండలాలు, కోసిగి, ఆదోని వైపు, ఏటా గుంటూరు మిరపచేలకు పిల్లాజెల్లాతో తరలిపోతాయి. అట్లా పోయే బస్సు నుంచి ఎవరో మన మనుషుల్ని దింపి, మర్నాడు శవాల పక్కన నాలుగు మూటలు పెట్టి దొంగలంటే, ఇట్లాగే టీ తాగుతామా?

మానవ హక్కుల కమిషన్ సీబీఐ విచారణ జరపమంది, ఒక్కో కుటుంబానికి 5 లక్షల మధ్యంతర సాయం ఇవ్వమంది. రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుకు పోయి ఆ ఉత్తర్వులపై స్టే తెచ్చుకుంది. తనకు నచ్చని నిర్ణయాన్ని పైకోర్టులో ప్రశ్నించే హక్కు దానికి ఉంది కదా మరి! ఆ వార్త వచ్చిన రోజున, మారిషస్ కోర్టును అన్ని తిట్లు తిట్టిన మన ఊళ్లలో ఒక్క నోరూ లేవలేదు.