పాత కరపత్రం, నేటి లెక్క

గత రమజాన్‌లో ఒక వితంతు సోదరి పాత కరపత్రం ఒకటి పట్టుకుని మా మద్రసాకు వచ్చారు. "హజ్రత్, ఇందులో రాసినంత సొమ్ము నా దగ్గర ఉంది. ఇక నేను జకాత్ తీసుకోకూడదు కదా?" అని అడిగారు.

ఆ కరపత్రం ఏళ్ళ క్రితం మేము రాసినదే. నిసాబ్‌ను ఆనాటి వెండి ధర ప్రకారం రూపాయలలో ముద్రించాము, తేదీ వేయలేదు. నేటి ధరతో చూస్తే ఆమె సొమ్ము నిసాబ్‌కు ఎంతో తక్కువ. మా అశ్రద్ధ వల్ల ఒక పేదరాలు తన హక్కును వదులుకున్నారు.

నిసాబ్ పరిమాణం మారదు. 200 దిర్హముల వెండి, అంటే మన లెక్కలో యాభై రెండున్నర తులాలు, 612.36 గ్రాములు. మారేది దాని ధర మాత్రమే.

ఇమామ్ షాఫయీ (రహ్మతుల్లాహి అలైహి) ఇరాఖ్‌లో వెల్లడించిన అభిప్రాయాలలో పలు వాటిని ఈజిప్టుకు వెళ్ళిన పిదప పునఃపరిశీలించారు. 'అర్రిసాలా' గ్రంథాన్ని తిరిగి రాశారు. అంతటి వారే తమ రాతను సరిదిద్దుకున్నప్పుడు మాకు సంకోచమెందుకు? రాసిన మాట కూడా అమానతే.

కరపత్రాన్ని గ్రాముల లెక్కతో, తేదీతో తిరిగి ముద్రించాము. మీ ఇంట పాత ప్రతి ఉంటే అందులోని రూపాయల అంకెను కొట్టివేయండి. జకాత్ లెక్కించే రోజున గ్రాము వెండి ధర తెలుసుకుని 612.36తో గుణించండి.

అల్లాహ్ మా పొరపాటును మన్నించుగాక! ఆమీన్.